ఇంటి నుంచే పాత పుస్తకాల అమ్మకం – 6వ పాఠం: మీ చేతిలో ఉన్నది ఏ ముద్రణ?

ఈసారి ధర కట్టడం గురించి చెబుతానని మాట ఇచ్చాను. చెబుతాను గానీ చివర్లో, కొంచెమే. ఐదో పాఠం చదివి పుస్తకాలు అమ్మకానికి పెట్టినవాళ్లలో కొందరికి డబ్బు వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది. ఆ సంగతి తేల్చుకోకుండా ధరల్లోకి వెళ్తే అదే తప్పు ఇంకా పెద్ద మొత్తాలతో మళ్లీ జరుగుతుంది.

నిజామాబాద్ నుంచి ఒక చెల్లెలు రాసింది. తాతగారి బీరువాలో దొరికిన నవలకు ‘1948 ప్రథమ ముద్రణ’ అని వివరం రాసి తొమ్మిది వందలకు అమ్మింది. కొన్నాయన పార్శిల్ విప్పి, లోపలి పేజీ ఫొటో తీసి పంపాడు. ప్రథమ ముద్రణ 1948 అన్న లైను కింద ఇంకో మూడు లైన్లున్నాయి. చివరిది 1986. ఆయన మర్యాదగానే మాట్లాడాడట. ఈమె డబ్బు తిరిగి పంపి, రెండు వైపుల పోస్టు ఖర్చూ తనే పెట్టుకుంది. ‘ఆ రాత్రి నిద్ర పట్టలేదక్కా’ అని రాసింది. ఏలూరులో ఒక మాస్టారు ముందుమాట కింద ఉన్న తేదీని ముద్రణ తేదీ అనుకున్నారు. ఇంకొకరు తెలుగు సంవత్సరం పేరు చూసి అరవై ఏళ్లు వెనక్కి వెళ్లారు.

ఇందులో తప్పు నాదే. ‘ముద్రణ సంవత్సరం తప్పకుండా రాయండి’ అని ఒక్క వాక్యం చెప్పి వదిలేశాను. ఏళ్ల తరబడి ఆదివారం పొద్దున్నే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద గుట్టల ముందు కూర్చుని పేజీలు తిప్పే అలవాటు నాది. కన్ను తనంతట తానే చివరి లైనుకు పోతుంది. అది నేర్పాల్సిన విషయమని అప్పుడు తోచలేదు.

ఫొటోలు తీయడం, వాట్సాప్‌లో కేటలాగ్ పెట్టడం, యూపీఐ సంగతి మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్లను. ఈ పాఠమంతా ఒక్క పేజీ గురించి.

లోపలి అట్ట దాటి, పుస్తకం పేరున్న పేజీ తిప్పగానే వెనక వైపు కనిపించేదే ముద్రణ వివరాల పేజీ. కొన్నిట్లో ఇది పుస్తకం చివర ఉంటుంది. అచ్చువేసినవారి పేరు, ఊరు, ప్రచురించినవారి పేరు, ఊరు ప్రతి పుస్తకం మీదా ఉండాలని 1867 నాటి చట్టం చెప్పేది. అందుకే చిన్న పల్లెటూరి శతకంలో కూడా ప్రెస్సు పేరు ఉంటుంది. ముందు దొరక్కపోతే చివరి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో వెతకండి.

నిజామాబాద్ చెల్లెలి పుస్తకంలో ఇలా ఉంది:

ప్రథమ ముద్రణ : 1948
ద్వితీయ ముద్రణ : 1955
తృతీయ ముద్రణ : 1963
పునర్ముద్రణ : జూలై 1986
ప్రతులు : 1000
వెల : రూ. 25-00

పై మూడు లైన్లూ ఆ పుస్తకం చరిత్ర. ‘మా పుస్తకం ఇన్నిసార్లు అచ్చయింది’ అని ప్రచురణకర్త చెప్పుకోవడం. మీ చేతిలో ఉన్న ఈ ప్రతి ఎప్పుడు అచ్చయిందో చెప్పేది మాత్రం నాలుగో లైను. ప్రతుల సంఖ్య, వెల కూడా ఆ నాలుగో లైనుకు చెందినవే. 1948లో అచ్చయిన ప్రతి అయితే వెల రూపాయలూ అణాల్లో, ‘రూ. 2-8-0’ లాగా ఉండాలి. దశాంశ నాణేలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. కాబట్టి ‘25-00’ అన్న వెల ఒక్కటి చాలు, అది 1948 ప్రతి కాదని తేల్చడానికి.

ఈ తప్పు మీద నాకు కోపం ఎక్కువ. మీరు చేసినందుకు కాదు. తెలిసి తెలిసి చేసేవాళ్లను చాలామందిని చూశాను. మొదటి లైను మీద బొటనవేలు పెట్టి, కింది లైన్లు మరుగయ్యేలా ఫొటో తీసి పెడతారు. కొనేవాడు దూర దేశంలో ఉంటాడు. చనిపోయిన తండ్రి చదివిన పుస్తకం అదే రూపంలో కావాలని ఎన్నో ఏళ్లుగా వెతుకుతుంటాడు. అలాంటి మనిషిని మోసం చేయడం చిన్న విషయం కాదు. మీరు ముద్రణ వివరాల పేజీ ఫొటో మొత్తం పెట్టండి, నాలుగు అంచులూ కనిపించేలా. నా దగ్గర ఇది నియమం. ఆ ఫొటో లేకుండా నూట యాభై రూపాయలు దాటిన ఏ పుస్తకమూ అమ్మకానికి పెట్టను.

ఇదే తప్పు వేరే వేషాల్లో కూడా వస్తుంది. పేజీలో ‘ప్రథమ ముద్రణ : 1952’ అని ఒక్క లైనే ఉండి, వెల అరవై రూపాయలని ఉంటే? పాత పుస్తకాన్ని పేజీ పేజీ ఫొటో తీసి ఆఫ్‌సెట్‌లో, అంటే సీసపు అక్షరాలు పేర్చకుండా ప్లేటుతో అచ్చువేసే పద్ధతిలో, మళ్లీ వేసి ఉండొచ్చు. పాత వివరాలు అలాగే వచ్చేస్తాయి. పేజీ వెనక వేలితో తడిమి చూడండి. సీసపు అక్షరాలతో అచ్చువేసిన కాగితం మీద అక్షరం నొక్కుకున్న ఎగుడుదిగుడు తెలుస్తుంది. ఆఫ్‌సెట్ పేజీ నున్నగా ఉంటుంది. అరసున్నలు, పాత పద్ధతి అక్షరాలు చూసి పాత ప్రతి అనుకోకండి. ఫొటోలో అవీ వస్తాయి.

‘కూర్పు’ అని రాస్తే జాగ్రత్త. రచయిత మార్పులు చేసి మళ్లీ తెచ్చింది కొత్త కూర్పు. ఉన్నదున్నట్టు మళ్లీ అచ్చేసింది కొత్త ముద్రణ. కొందరు ప్రచురణకర్తలు రెండూ ఒకటే అన్నట్టు వాడారు. అందుకని మీ వివరణలో పేజీలో ఏ మాట ఉందో అదే మాట రాయండి. మీరు తర్జుమా చేయకండి.

ముందుమాట తేదీ రచయిత ఆ ముందుమాట రాసిన రోజు చెబుతుంది, అంతే. ఏలూరు మాస్టారి పుస్తకంలో ముందుమాట 1961ది. నాలుగు పేజీల తర్వాత ‘ఈ ముద్రణ గురించి’ అని ఇంకో పేజీ ఉంది, దాని కింద 1978. ఆయన మొదటిది దొరకగానే ఆగిపోయారు. తేదీ ఒకటి దొరికితే వెతకడం ఆపకండి, పుస్తకం చివరి అట్ట దాకా వెళ్లండి.

ఇక తెలుగు సంవత్సరాలు. ‘ప్రభవ నామ సంవత్సర ఉగాది’ అని ఉంటే అది 1927 కావచ్చు, 1987 కావచ్చు. ‘సర్వజిత్’ అయితే 1947 లేదా 2007. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది. కాగితం, వెల, చిరునామా చూసి ఏ ఆవృత్తో తేల్చాలి. కొన్ని సంస్థల పుస్తకాల్లో ‘శక 1889’ అని ఉంటుంది, దానికి 78 కలిపితే 1967. జనవరి నుంచి మార్చి మూడో వారం దాకా అయితే 79 కలపాలి. పాత పుస్తకాల్లో అంకెలే తెలుగులో ఉంటాయి. ౧౯౩౫ అని కనిపిస్తే 1935 అని చదవడం ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర నేర్చుకోండి, అరగంట పని.

ఈ పేజీయే చిరిగిపోతే ఏం చేయాలి? చాలామంది అడిగారు. ఇక్కడ నేను రెండు హద్దులు గీస్తాను: ‘దీనికన్నా ముందు కాదు’, ‘దీని తర్వాత కాదు’.

మొదటి హద్దుకు చిరునామాలు బాగా పనికొస్తాయి. ఆరంకెల పిన్‌కోడ్ మొదలైంది 1972 ఆగస్టు 15న. అట్ట మీద అది అచ్చయి ఉంటే ఆ ప్రతి అంతకుముందుది కాదు. ‘విజయవాడ-2’ అని మాత్రమే ఉంటే ఏమీ తేలదు, ఎందుకంటే ఆ తర్వాత కూడా చాలామంది అలాగే రాశారు. ‘నయాపైసలు’ అని వెల ఉంటే 1957కు ముందుది కాదు. 1964లో ‘నయా’ తీసేశారు కాబట్టి ఆ తర్వాతిది కావడం కూడా అరుదు. మదరాసు, మద్రాసు అన్నవి ఎన్నో ఏళ్లు నడిచాయి గానీ, అట్ట మీద చెన్నై అని ఉంటే 1996కు ముందుదని చెప్పలేం. పదమూడు అంకెల ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) 2007 నుంచి వాడుకలోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురణ అయితే 1957, 1983 మధ్యలో పడుతుంది. తెలుగు అకాడమీది అయితే 1968కి ముందు ఉండదు. మాస్కో రాదుగ ప్రచురణాలయం పేరున్న పిల్లల పుస్తకం 1982కి ముందుది కాదు, ఆ సంస్థ పుట్టిందే అప్పుడు. చివరి పేజీల్లో ‘మా ఇతర ప్రచురణలు’ జాబితా ఉంటే అందులో అన్నిటికన్నా కొత్త పుస్తకం ఏదో చూడండి.

వీటిలో ఏ ఆధారమైనా పుస్తకంలో కనిపిస్తేనే పనికొస్తుంది, కనిపించకపోవడం ఆధారం కాదు. పిన్‌కోడ్ లేనంత మాత్రాన 1972కు ముందుదని రాసేయకండి.

రెండో హద్దుకు ఎక్కువగా చేతిరాతే ఆధారం. ‘చి.సౌ. ... కు పెళ్లి కానుక, 12-5-1961’ అని మొదటి పేజీలో ఉంటే పుస్తకం అప్పటికే అచ్చయినట్టే. ఇలాంటి చేతిరాతను కొందరు రబ్బరుతో, బ్లేడుతో గీకేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. అది మరక కాదు, ఆధారం. పేర్లు మాత్రం ఫొటోలో కనపడకుండా చిన్న కాగితం అడ్డం పెట్టండి, ఆ కుటుంబం వాళ్లు ఇంకా ఉండొచ్చు. గ్రంథాలయం ముద్ర ఉంటే మాత్రం, ‘తొలగించినది’ అన్న ముద్ర కూడా పక్కన లేకపోతే నేను కొననే కొనను.

వెల మీద అతికించిన కాగితాన్ని కూడా నమ్మకండి. అమ్ముడుపోని ప్రతుల మీద పదేళ్ల తర్వాత కొత్త వెల అతికించేవారు. లైటుకు ఎదురుగా పట్టుకుంటే కింద అసలు వెల కనిపిస్తుంది.

వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి కుట్టించిన బైండ్లు కొందరు పంపారు. మన ఇళ్లలో అమ్మలు, అత్తలు చేసిన పని అది. వాటికి ముద్రణ వివరాల పేజీ ఉండదు. పేజీ అడుగున పత్రిక తేదీ ఉంటే రాయండి, లేకపోతే ‘పత్రిక నుంచి కట్టించిన బైండు, తేదీ తెలియదు’ అని రాయండి. ఇవంటే నాకు చాలా ఇష్టం. పుస్తకంలో రాని బొమ్మలు వీటిలో ఉంటాయి. తక్కువ ధరకు వదిలేయకండి.

ఇప్పుడు ధర. షాపులో కొత్త ప్రతి దొరికే పుస్తకానికి నేను కొత్త ధరలో సగం మించి పెట్టను. షాపులో దొరకనిది అయితే ఎవరెంత అడుగుతున్నారో చూడను, ఎంతకు అమ్ముడుపోయిందో తెలిస్తేనే లెక్కలోకి తీసుకుంటాను. ఐదు వేలని పెట్టి మూడేళ్లుగా అలాగే ఉన్న ప్రకటన ధర కాదు. పాతది కాబట్టి ఎక్కువ అనుకోవద్దు. 1930ల నాటి పాఠ్యపుస్తకం ఎవరికీ అక్కర్లేకపోవచ్చు, 1985 నాటి మాస్కో బొమ్మల పుస్తకం గంటలో పోవచ్చు. పోస్టు ఖర్చు ఎప్పుడూ వేరుగా చెప్పండి. 2025 మే నుంచి తపాలా శాఖ పుస్తకాలు పంపడానికి జ్ఞాన్ పోస్ట్ నడుపుతోంది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100, పన్ను అదనం. పాఠ్య, సామాజిక, సాంస్కృతిక, ధార్మిక పుస్తకాలకే అది. పత్రికలు చెల్లవు. ముద్రాపకుడి పేరో ప్రచురణకర్త పేరో పుస్తకం మీద ఉండాలి. ఆ పేజీ చిరిగిన పుస్తకాలకు స్పీడ్ పోస్టు ఖర్చే చెప్పండి.

అభ్యాసం. ఇంట్లోవి, పక్కింట్లోవి, పాత పేపర్ల దుకాణంలోవి కలిపి పాతిక పుస్తకాలు తీసుకోండి. వాటిలో కనీసం మూడు ముద్రణ వివరాల పేజీ లేనివి ఉండాలి. ఒక్కో పుస్తకానికి నోటుబుక్కులో రెండు హద్దులూ రాసి, ఒక్కో హద్దుకు ఏ పేజీలో ఏం చూశారో పక్కన రాయండి. ‘అనిపించింది’ అన్న మాట వాడకండి. తర్వాత ఈ పాఠాలు చదవని మనిషి ఎవరికైనా పుస్తకమూ నోటుబుక్కూ ఇచ్చి, ఒక్క తప్పు పట్టుకోమనండి. పాతికా పూర్తయ్యేదాకా కొత్తగా ఏదీ అమ్మకానికి పెట్టవద్దు. రెండు వారాలు పడుతుంది, పట్టనివ్వండి. నేను పుస్తకం ఏ ఏడాదిదో తేలగానే వెనక అట్ట లోపల పెన్సిల్‌తో సన్నగా రాసుకుంటాను. పెన్ను వద్దు.

ఈలోగా, ఐదో పాఠం తర్వాత తప్పు వివరంతో అమ్మినవాళ్లు కొన్నవాళ్ల ఫిర్యాదు కోసం ఎదురుచూడకండి. ఈ రోజే ఇలా మెసేజ్ పెట్టండి:

‘నమస్కారమండి. మీరు నా దగ్గర కొన్న పుస్తకానికి ప్రథమ ముద్రణ అని రాశాను. మళ్లీ చూసుకుంటే అది 1986 పునర్ముద్రణ అని తెలిసింది. పొరపాటు నాది. పుస్తకం వెనక్కి పంపితే పోస్టు ఖర్చుతో సహా మొత్తం ఇస్తాను. ఉంచుకోవాలనుకుంటే దీని సరైన ధర 120 రూపాయలు, మిగతా 780 ఇప్పుడే పంపుతాను. మీకు ఏది వీలో చెప్పండి.’