జుట్టు రాలుతోందని మాత్రలు ఆపకండి: కార్తీకం ముందు స్లీవ్ అయినవాళ్లకి

పోయిన గురువారం మా వీధి చివర ఉండే వదినని ఆసుపత్రిలో చూసి వచ్చాను. బరువు తగ్గడానికి పొట్టలో చాలా భాగం కోసి తీసేసే స్లీవ్ సర్జరీ అయి నాలుగు నెలలు. ఇరవై రెండు కిలోలు తగ్గింది. పది రోజులుగా ఏం తిన్నా వాంతి. ఆఖరికి బాత్‌రూమ్ నుంచి మంచం దాకా గోడ పట్టుకుని నడిచింది, ఎదురుగా టీవీ రెండుగా కనబడింది. అప్పుడు గానీ ఆటో ఎక్కించలేదు. ఒంట్లో బీ1 విటమిన్ అడుగంటిపోయిందన్నారు డాక్టర్లు. ఇంజక్షన్లు పడ్డాక చూపు కుదురుకుంది, నడక మాత్రం ఇంకా తూలుతోంది.

"విటమిన్ మాత్రలు ఎప్పుడు ఆపావు వదినా?" అన్నాను.

"జుట్టు ఊడ్డం మొదలైనప్పుడే. ఆ ప్రొటీన్ పౌడరూ మాత్రలూ వేడి చేసి ఊడుతోందని మా అత్తయ్య అన్నారు. సబ్జా నీళ్లు, బార్లీ జావ తాగాను."

నాకు స్లీవ్ అయి మూడేళ్లు. ఆపరేషన్ అయినవాళ్లం తొమ్మిది మందిమి పొద్దున్నే బీచ్ రోడ్డులో నడుస్తాం. వేడి చేసిందని మాత్రలు ఆపినవాళ్లని ఈవిడతో కలిపి నలుగుర్ని చూశాను. నలుగురూ దెబ్బతిన్నారు.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, దీపావళి మర్నాటి నుంచి కార్తీకం. జూలైలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకి సరిగ్గా మూడో నెలో నాలుగో నెలో. జుట్టు రాలే రోజులూ, చేపా గుడ్డూ మానేసే రోజులూ ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి.

మెల్లగా నమిలి తినాలి, నీళ్లు గుక్కగుక్కగా తాగాలి లాంటివి మీ డైటీషియన్ చెప్పే ఉంటుంది. వాటి జోలికి పోను.

ముందు ఈ రాలుడు ఏమిటో తెలుసుకోండి. తల మీద వెంట్రుకల్లో నూటికి ఎనభై అయిదు, తొంభై దాకా పెరుగుతూ ఉంటాయి, మిగతావి నిద్రలో ఉంటాయి. ఆపరేషన్ దెబ్బకీ, బరువు ఒక్కసారిగా పడిపోవడానికీ పెరిగేవాటిలో చాలా వెంట్రుకలు కలిసికట్టుగా నిద్రలోకి జారుకుంటాయి. ఆ నిద్ర దాదాపు మూడు నెలలు. ఆ తర్వాత ఊడతాయి. అంటే ఇవాళ దువ్వెనకి చుట్టుకున్నది మీరు మొన్న మింగిన మాత్ర వల్ల ఊడింది కాదు, ఆపరేషన్ రోజుల్లోనే దానికి సెలవు రాసేశారు. కుదురు చావలేదు కాబట్టి మళ్లీ వస్తుంది. మామూలుగా మూడు నాలుగు నెలలకి మొదలై, ఓ ఆరు నెలలు రాలి, ఏడాది తిరిగేసరికి సర్దుకుంటుంది.

మనవాళ్లు ముందు బోరు నీళ్లని తిడతారు, తర్వాత వైజాగ్ ఉక్కని, తర్వాత షాంపూని. అదే బోరు నీళ్లతో ఇంట్లో మిగతావాళ్లూ తలంటుకుంటున్నారు కదా!

నాకు నాలుగో నెలలో బాత్‌రూమ్ జాలీ మీద పిచ్చుక గూడంత చుట్ట వచ్చేది. జడ ఎలకతోకయింది, పాపిడి వెడల్పయింది. మా పెద్దమ్మ అటక మీంచి తన పాత సవరం తీసి, దులిపి, చేతిలో పెట్టింది. సిగ్గుపడకుండా ఒక పెళ్లికి పెట్టుకెళ్లాను కూడా. తొమ్మిదో నెలలో నుదుటి మీద అంగుళం పొడవు పిల్ల వెంట్రుకలు లేచాయి. ఎంత నూనె రాసినా పడుకోవు. ఆ కోపం కూడా బాగుంటుంది లెండి.

అసలు ప్రమాదం దీని వెనక ఉంది. ఈ రాలుడు దానంతటది ఆగేదే. మాత్రలూ ప్రొటీనూ ఆపితే మాత్రం మూడు నెలలు పోయాక ఇంకో రాలుడు మొదలవుతుంది. ఐరన్ లేక, జింక్ లేక, మాంసకృత్తులు లేక వచ్చే ఆ రెండోది ఓ పట్టాన ఆగదు. ఆ లోటు జుట్టుతో ఆగదు కూడా, నరాల దాకా పోతుంది. అందుకే మళ్లీ చెబుతున్నాను: జుట్టు రాలుతోందని మాత్రలు ఆపకండి. వేడి చేసినట్టు అనిపిస్తే నీళ్లు పెంచండి, డాక్టర్‌ని అడిగి మాత్ర మార్పించుకోండి. ఆపకండి.

తిండి సంగతి. రోజుకి 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ పడాలి, మీకు ఇంకా ఎక్కువ రాసి ఉంటే అంతా. చిన్న కప్పు పట్టే పొట్టలో చారన్నం పోస్తే దానికి చోటెక్కడిది? గుడ్డుకి ఆరు గ్రాములు. వంద గ్రాముల చేపకి ఇరవై దగ్గర. కార్తీకం ముందు పూర్ణా మార్కెట్‌లో కానాగంతలు దొరికినన్నాళ్లు తినండి. మానేశాక పనీర్, మీల్‌మేకర్, గడ్డపెరుగు. వే పౌడర్ పాల విరుగుడు తేటతో చేసేదే, నియమానికేం అడ్డు రాదు. గొట్టం మాత్రల తొడుగు జంతువుల నుంచి తీసే జెలటిన్‌ది అయితే పట్టింపు ఉన్నవాళ్లు బిళ్లలు రాయించుకోండి. సోమవారం ఉపవాసం, నక్తాలు ఈ ఏడాదికి వద్దు. మీ బదులు ఇంట్లో ఇంకొకరు ఉంటారు. దీపం మీరు పెట్టండి.

మాత్రలు వేసుకునే తీరు కూడా చూసుకోండి. ఐరనూ కాల్షియమూ కలిపి మింగితే ఐరన్ ఒంటబట్టదు, మధ్య రెండు గంటలు ఎడం ఉండాలి. ఐరన్ మింగి వెంటనే టీ తాగడం డబ్బు తగలేసుకోవడమే.

జుట్టు కోసమని అమ్మే బయోటిన్ విటమిన్ గురించి అందరూ అడుగుతారు. ఒంట్లో అది తక్కువైతే తప్ప ఈ రాలుడుకి పనికొస్తుందనడానికి ఆధారం లేదు. పైగా పెద్ద డోసు వాడితే రక్తపరీక్షలు తప్పు చూపిస్తాయి. లేని థైరాయిడ్ ఉన్నట్టు వస్తుంది. గుండెపోటుకి చేసే ట్రోపోనిన్ తక్కువ చూపించొచ్చు. అమెరికాలో మందుల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌డీఏ 2017లోనే దీని మీద హెచ్చరించింది. వాడుతుంటే పరీక్షకి ముందే డాక్టర్‌కి చెప్పండి.

ఇక వరసగా చెప్పేస్తాను. జింక్ సొంతంగా పెంచుకోవద్దు, ఎక్కువైతే రాగి పడిపోతుంది. విటమిన్ ఎ మోతాదు మించితే అదే జుట్టు ఊడగొడుతుంది. హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి ఊరుకోవద్దు, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించండి. బీ12, డి కూడా. సింహాచలం మొక్కుంటే తీర్చుకోండి, గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందని మాత్రం చేయించుకోవద్దు, కుదురు లోపల ఉంటుంది, కత్తి పైనే ఆగుతుంది. కొబ్బరినూనె రాసుకోండి, హాయిగా ఉంటుంది, రాలుడు ఆగదు. స్ట్రెయిటనింగ్ వద్దు. ఊడిన వెంట్రుకలు లెక్కపెట్టొద్దు. నున్నగా బిళ్లల్లా ఊడితే అది ఇది కాదు, పేనుకొరుకుడు కావచ్చు, చర్మం డాక్టర్‌కి చూపించండి. ఆరు నెలలు దాటాక కొత్తగా మొదలైనా, ఏడాది దాటినా ఆగకపోయినా పరీక్షలు చేయించండి. కాళ్లు తిమ్మిరెక్కితే ఆగొద్దు. పక్కింటావిడ మాత్రలు మింగొద్దు. మీ మాత్రలు ఆపొద్దు. అత్తయ్య చెప్పినా ఆపొద్దు. అమ్మ చెప్పినా ఆపొద్దు. నాలుగో నెలలో ఆపొద్దు, నలభయ్యో నెలలో ఆపొద్దు.

వాంతులు రెండో రోజుకీ తగ్గకపోతే జావలు కాస్తూ కూర్చోకండి. ఆపరేషన్ ఫైలు చేత్తో పట్టుకుని వెళ్లండి. సెలైన్ పెట్టబోయే ముందే డ్యూటీ డాక్టర్‌తో అనండి: "నాకు స్లీవ్ అయింది, ఇన్ని రోజులుగా వాంతులు, ముందు బీ1 ఇచ్చాకే గ్లూకోజ్ పెట్టండి."