దశాంశాల పోలిక: ఆటలో రైటు, టెస్టులో తప్పు ఎందుకవుతోంది?

బెంగళూరులో మన తెలుగు టీచర్లు, ఇంట్లో పిల్లల్ని చదివించే అమ్మానాన్నలు తరచూ అడిగేది ఇదే: ఐదో తరగతి పిల్లలు ఏ దశాంశం పెద్దదో కార్డుల ఆటలో టకటకా చెప్పేస్తారు, టెస్టులో మాత్రం తప్పు రాస్తారు. అడిగిన వెంటనే కొత్త ఆట కోసం వెతుకుతారు. దయచేసి ముందు మీ దగ్గరున్న కార్డులు ఒక్కసారి పరిచి చూడండి.

ఆటలో అన్నీ రైటు, టెస్టులో తప్పులు

కార్డులన్నిట్లో పాయింట్ తర్వాత రెండేసి అంకెలే ఉంటాయి. 3.45, 3.72 ఇస్తే పిల్ల పాయింట్‌ని వదిలేసి 345, 372 పోల్చేస్తుంది. జవాబు సరిపోతుంది, దశాంశాల అభ్యాసం మాత్రం జరగదు. రూపాయలు, పైసలతో ఆడించినా అంతే, అక్కడ ఎప్పుడూ రెండు అంకెలే. సగం కార్డులు మార్చి 3.4, 3.38 లాంటి జతలు పెట్టండి.

0.6 కన్నా 0.45 పెద్దదంటారు

ఇది అందరికీ తెలిసిన తప్పే. అంకెలు ఎక్కువుంటే సంఖ్య పెద్దదనుకోవడం. మీరు 'పాయింట్ నలభై ఐదు' అని చదువుతుంటే మానేసి 'పాయింట్ నాలుగు ఐదు' అనండి. ఇంకొకటి, ఎత్తు రాసేటప్పుడు ఐదడుగుల పది అంగుళాలను 5.10 అని రాస్తాం. అక్కడ 5.9 కన్నా 5.10 నిజంగానే ఎక్కువ. క్రికెట్‌లో 4.5 ఓవర్ల తర్వాత వైడో, నోబాలో కాని ఇంకో బంతి పడితే 5 ఓవర్లు. ఇవి దశాంశాలు కావని పిల్లలకి విడమరిచి చెప్పాలి. లేకపోతే ఇంట్లో చూసినదే సరైనదనుకుంటారు.

అంతా సర్దుకుందనుకున్నాక మళ్లీ తప్పులు

నన్ను ఎక్కువగా సతాయించింది ఇదే. పై తప్పు దిద్దడానికి మనం ఏం చేస్తాం? 0.6, 0.45. తర్వాత 0.5, 0.375. తర్వాత 0.7, 0.68. వరసగా ఇలాంటివే ఇస్తాం. ప్రతిసారీ చిన్నగా కనిపించేదే పెద్దది. పిల్లవాడు గమనిస్తాడు, 'అంకెలు తక్కువుంటే పెద్దది' అని సొంత రూలు పెట్టుకుంటాడు. వందో వంతు కన్నా పదో వంతు పెద్దదని మనం చెప్పిన మాట కూడా ఆ రూలుకే బలమిస్తుంది. మార్కులు బాగా వస్తాయి, మనం టెన్షన్ తీరిందనుకుని తర్వాతి పాఠానికి వెళ్లిపోతాం.

అందుకే ఏ ఆట మొదలుపెట్టినా ముందు బోర్డు మీద ఈ రెండు జతలూ రాయండి: 0.6, 0.45, ఇంకా 0.3, 0.47. మొదటిది తప్పి రెండోది రైటయితే పాత తప్పు. మొదటిది రైటయి రెండోది తప్పితే ఈ కొత్త రూలు. రెండు నిమిషాల పని, అయినా దాదాపు అందరూ దాటేస్తారు. ఒక్క జతే అడిగితే ఏ జబ్బో తెలియదు.

దిద్దడానికి 'చివర సున్నా పెట్టు' అని మొదలుపెట్టకండి. 0.30, 0.47 అని రాయగానే జవాబు వచ్చేస్తుంది, కానీ పిల్లవాడు పోల్చేది 30నీ 47నీ. గ్రాఫ్ కాగితంలో పది బై పది చదరాలు గీయించండి. మొత్తం చదరం ఒకటి. 0.3కి మూడు నిలువు వరుసలు, 0.47కి నాలుగు వరుసలూ పైన ఏడు గడులూ రంగు వేయమనండి. వేస్తూ వేస్తూ నాలుగో వరుస మొదలుపెట్టేసరికి చాలామంది పెన్సిల్ ఆపి, 'మిస్, ఇది అప్పుడే దాటేసింది' అంటారు. ఆ మాట వాళ్ల నోటినుంచే రానివ్వండి.

తర్వాత మూత ఆట. రెండు సంఖ్యలు ఒకదాని కింద ఒకటి, పాయింట్లు ఒకే వరుసలో ఉండేలా రాసి, కాగితంతో మూసి ఎడమ నుంచి ఒక్కో అంకే తెరవండి. ప్రతిసారీ 'ఇప్పుడు చెప్పగలవా?' అని అడగండి. అంకెలు వేరుపడిన చోటే తీర్పు, మిగతావి తెరవక్కర్లేదు. 0.4, 0.401లో చివరిదాకా ఆగాల్సి వస్తుంది, అది వాళ్లకి బాగా నచ్చుతుంది.

కార్డుల్లో మాత్రం సగం జతల్లో పొడుగు సంఖ్య గెలవాలి, సగంలో పొట్టి సంఖ్య. 0.5, 0.50 లాంటి సమాన జతలు కూడా రెండు మూడు కలపండి. 2024 జూన్‌లో కర్ణాటక పాల బ్రాండు నందిని వాళ్లు అర లీటరు పాల ప్యాకెట్‌ను 550 మిల్లీలీటర్లు, లీటరు ప్యాకెట్‌ను 1,050 మిల్లీలీటర్లు చేసి, 2025 ఏప్రిల్‌లో మళ్లీ పాత కొలతకి తెచ్చారు. 0.5 లీటరు, 0.55 లీటరు, 1.05 లీటర్లు కార్డులుగా పెట్టండి. 1.05ను లీటరున్నర అనేవాళ్లు అక్కడే బయటపడతారు, పాయింట్ పక్కన సున్నాని లెక్కచేయనివాళ్లు వాళ్లే.

అరుదైనవి

పెద్దది, చిన్నది గుర్తు (>, <) తిరగేసి రాస్తుంటే నోటితో అడగండి. 0.3 కన్నా 0.4 చిన్నదంటే, మూడో వంతు, నాలుగో వంతుతో కలిపేసుకున్నట్టు. గ్రాఫ్ కాగితమే దానికీ మందు. పాయింట్ కనబడకుండా రాస్తుంటే గళ్ల నోట్‌బుక్ ఇవ్వండి.

వారం తర్వాత ఆ రెండు జతల్లాంటివే వేరే అంకెలతో, వరస మార్చి అడగండి. ఏదో ఒక వైపు మళ్లీ తప్పితే రూలు పోలేదన్నమాట, గ్రాఫ్ కాగితం నుంచి మొదలుపెట్టండి.