అప్‌డేట్ తర్వాత పీఎల్‌సీ పలకడం లేదా? ముందు పీసీని చూడండి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు మిల్లుల్లో పొద్దున్నే స్కాడా (యంత్రాల అంకెలను పీసీ తెర మీద చూపే సాఫ్ట్‌వేర్) ఆగితే, వైజాగ్ నుంచి ఇంజనీరు వచ్చేసరికి ఒక షిఫ్టు గడిచిపోతుంది. రాత్రి విండోస్ అప్‌డేట్ అయి, స్క్రీన్ మీద అంకెల బదులు #### కనిపిస్తుంటే చాలావరకు అక్కడికక్కడే సరిచేసుకోవచ్చు.

పీఎల్‌సీలోకి, అంటే మోటార్లను నడిపే కంట్రోలర్‌లోకి, ప్రోగ్రాం మళ్లీ డౌన్‌లోడ్ చేయడం మాత్రం వద్దు. మారింది పీసీ. పీఎల్‌సీ సీపీయూ మీద రన్ లైటు పచ్చగా వెలుగుతూ మోటార్లు తిరుగుతున్నాయంటే లాజిక్ నడుస్తూనే ఉంది. డౌన్‌లోడ్ చేస్తే సీపీయూ స్టాప్‌లోకి పోవచ్చు, సెట్‌పాయింట్లు (మీరు పెట్టుకున్న లక్ష్య విలువలు) చెరిగిపోవచ్చు. ఇంకోటి, కనెక్షన్ తిరిగొచ్చిన క్షణంలో పాత కమాండ్ వెళ్లి కన్వేయర్ కదలొచ్చు. అందుకే పని మొదలుపెట్టే ముందే ఆపరేటర్‌తో చెప్పి మోటార్లను లోకల్‌లో (స్కాడా కమాండ్ పనిచేయని, అక్కడి బటన్లతోనే నడిచే స్థితిలో) పెట్టించండి.

ఇప్పుడు పీఎల్‌సీ ఐపీకి పింగ్ కొట్టండి. జవాబు రాకపోతే, కేబుల్ లింక్ లైటు వెలుగుతోందో లేదో చూసి పీసీ ఐపీ తెరవండి. అది 169.254తో మొదలైతే అప్‌డేట్‌లో నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ మారి, మీరు పెట్టిన స్థిర ఐపీ ఎగిరిపోయిందని అర్థం. పీఎల్‌సీ 192.168.0.1 అయితే పీసీకి అదే వరుసలో ఎవరూ వాడని నంబరు, 255.255.255.0 మాస్క్ ఇవ్వండి. వైఫైకి కూడా అదే వరుస ఉంటే దాన్ని ఆపేయండి.

పింగ్ వస్తున్నా డేటా రాకపోతే చాలామంది వెంటనే ఫైర్‌వాల్ మొత్తం తీసేస్తారు. పీసీ నుంచి పీఎల్‌సీకి వెళ్లే కనెక్షన్‌ను విండోస్ ఫైర్‌వాల్ మామూలుగా ఆపదు, బయటి నుంచి పీసీలోకి వచ్చేదాన్నే ఆపుతుంది. స్కాడాలో అంకెలు బాగానే వస్తూ ఆఫీసు పీసీలో మాత్రం రాకపోతే అనుమానించాల్సింది ఫైర్‌వాల్‌నే: నెట్‌వర్క్ ప్రొఫైల్ పబ్లిక్‌గా మారిందేమో చూసి ప్రైవేట్ చేయండి. స్కాడాలోనే రాకపోతే పవర్‌షెల్‌లో, మీ పీఎల్‌సీ మాట్లాడే ప్రోటోకాల్‌ను బట్టి, దాని పోర్టు పరీక్షించండి. మోడ్‌బస్ టీసీపీకి 502, సీమెన్స్ ఎస్7కి 102, ఈథర్‌నెట్ ఐపీకి 44818. పోర్టు తెరుచుకోకపోతే యాంటీవైరస్ అడ్డుపడుతుండాలి, లేదా పాత సెషన్లు వదలక పీఎల్‌సీ కనెక్షన్లన్నీ నిండిపోయి ఉండాలి.

స్కాడాకు డేటా అందించే పాత పద్ధతి ఓపీసీ డీఏ వాడేచోట, అది ఆధారపడే విండోస్ భాగం డీకామ్ సంగతి వేరు. మైక్రోసాఫ్ట్ 2023 మార్చి 14 అప్‌డేట్ నుంచి దాని భద్రతా నియమాన్ని రిజిస్ట్రీలో ఆపే వీలు తీసేసింది. సర్వర్ ఈవెంట్ వ్యూయర్‌లో 10036 కనిపిస్తే, డేటా అడిగే క్లయింట్ పీసీలో విండోస్ అప్‌డేట్లు వేయండి, క్లయింట్ సాఫ్ట్‌వేర్‌కు తయారీదారు ఇచ్చిన కొత్త వెర్షన్ వేయండి.

పీఎల్‌సీకి నెట్‌వర్క్ కేబుల్ బదులు రెండు వైర్ల సీరియల్ లైను కలిపే యూఎస్‌బీ-ఆర్ఎస్ 485 కన్వర్టర్ ఉంటే డివైజ్ మేనేజర్‌లో కామ్ నంబరు చూడండి. నిన్న కామ్ 3, ఇవాళ కామ్ 7 అయి ఉండొచ్చు. పోర్టు అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో పాత నంబరే ఇవ్వండి. ఆపైన బాడ్ రేటు (డేటా వేగం), ప్యారిటీ (తప్పులు పట్టే బిట్) పీఎల్‌సీలో ఉన్నవాటితో సరిపోల్చండి. అప్పటికీ రాకపోతే పవర్ తీసి ఏ, బీ వైర్ల మధ్య మల్టీమీటర్ పెట్టండి: రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లుంటే దాదాపు 60 చూపాలి. 120 చూపితే ఒక చివర ఊడింది.

కనెక్షన్ వచ్చి విలువలు తప్పుగా ఉంటే కొత్త డ్రైవర్ సెట్టింగులు చూడండి. మొదటి ట్యాంకు లెవెల్ రెండో ట్యాంకు గడిలో పడుతుంటే అడ్రసు ఒకటి జరిగింది, మోడ్‌బస్ మొదటి రిజిస్టర్ 40001ని డ్రైవర్ 0గా లెక్కపెడుతోందా 1గానా అన్నదే తేడా. 1.0 రావాల్సిన చోట సున్నాకు అతి దగ్గరి అంకె వస్తే వర్డ్ స్వాప్ (విలువలోని రెండు సగాల వరుస తారుమారు చేసే) ఎంపిక మార్చండి. ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చి, పాత విలువను ప్యానెల్ తలుపు లోపలి కాగితం మీద రాసిపెట్టండి.