పాత డాస్ బ్యాకప్ ఫ్లాపీలు రిస్టోర్ కావడం లేదా?

ఐబీఎం పీసీ ఎక్స్‌టీ 1983లో 10 మెగాబైట్ల హార్డ్ డిస్క్‌తో వచ్చింది. దానితోపాటు వచ్చిన డాస్ 2.0లోనే (డాస్ అంటే అప్పటి పీసీలను నడిపిన ఆపరేటింగ్ సిస్టమ్) డిస్క్‌లోని ఫైళ్లను ఫ్లాపీల్లోకి తీసే బ్యాకప్, తిరిగి డిస్క్‌లో పెట్టే రిస్టోర్ కమాండ్లు ఉన్నాయి. ఆ డిస్క్ నిండితే 360 కిలోబైట్ల ఫ్లాపీలు దాదాపు 30 కావాలి, 20 మెగాబైట్లదైతే 60 దాకా. పక్కనే కూర్చుని ఒక్కొక్కటీ మార్చాలి. విసుగు సంగతి అలా ఉంచండి, అసలు చిక్కు వేరే ఉంది. బ్యాకప్ తీసేటప్పుడు అంతా సవ్యంగానే కనిపిస్తుంది. డిస్క్ పోయి రిస్టోర్ కొట్టిన రోజునే లోపాలన్నీ బయటపడతాయి.

ముందు ఒక పని చేయండి. ఐదుంపావు అంగుళాల ఫ్లాపీ అంచున చతురస్రంగా చిన్న గాటు ఉంటుంది. దాని మీద టేపు అంటించండి, ఇక ఆ ఫ్లాపీ మీద రాయడం కుదరదు. రిస్టోర్ కొట్టబోయి అలవాటుగా బ్యాకప్ కొడితే ఆ ఫ్లాపీ రూట్ డైరెక్టరీలోని (అన్నిటికన్నా పై డైరెక్టరీ) ఫైళ్లు చెరిగిపోతాయి. డాస్ హెచ్చరిస్తుంది నిజమే, కానీ అరవై సార్లు ఏదో ఒక కీ నొక్కిన చెయ్యి ఆ హెచ్చరిక చదవదు.

సమస్య: ఫ్లాపీలో రెండే ఫైళ్లు కనిపిస్తున్నాయి, నా ఫైళ్లు లేవు

పోలేదు, లోపలే ఉన్నాయి. 1987లో వచ్చిన డాస్ 3.3 నుంచి బ్యాకప్ కమాండ్ ఫైళ్లన్నిటినీ ఒకే పెద్ద ఫైల్‌గా కుట్టేస్తుంది. ఏది ఎక్కడుందో ఇంకో చిన్న కంట్రోల్ ఫైల్‌లో రాస్తుంది. అంతకు ముందు వెర్షన్లలో ఫైల్ పేర్లు మామూలుగానే కనిపిస్తాయి కానీ ప్రతిదాని ముందూ బ్యాకప్ రాసుకున్న 128 బైట్ల సమాచారం, అంటే హెడర్, ఉంటుంది. అందుకే మామూలుగా కాపీ చేస్తే మొదట్లో చెత్త వస్తుంది.

డాస్ 6లోని రిస్టోర్‌తో ప్రయత్నించండి. 2.0 నుంచి 5.0 వరకు బ్యాకప్ కమాండ్‌తో తీసినవాటి కోసమే దాన్ని అందులో ఉంచారు. డాస్ 6లో కొత్తగా వచ్చిన ఎంఎస్‌బ్యాకప్ మాత్రం ఈ ఫ్లాపీలను చదవలేదు, దాని పద్ధతే వేరు.

సమస్య: "రిస్టోర్ చేయడానికి ఫైళ్లేమీ దొరకలేదు" అంటోంది

ఎక్కువమంది తల పట్టుకునేది ఇక్కడే. ఫైల్ ఏ డైరెక్టరీలో ఉండేదో ఆ డైరెక్టరీలోకే రిస్టోర్ దాన్ని తిరిగి పెడుతుంది. లెడ్జర్ డైరెక్టరీలోంచి తీసినదాన్ని టెంప్‌లోకి రమ్మంటే రాదు. పాత పేరే ఇచ్చి, లోపలి డైరెక్టరీలు కూడా వచ్చేలా చివర /ఎస్ తగిలించండి.

అయినా రాకపోతే బ్యాకప్ తీసినప్పుడే /ఎస్ మర్చిపోయి ఉంటారు. అది లేకపోతే లోపలి డైరెక్టరీల జోలికి కమాండ్ వెళ్లదు, ఫిర్యాదూ చేయదు. నేను పనిచేసిన ఒక ఆఫీసులో నిండుగా ఉన్న 20 మెగాబైట్ల డిస్క్ నాలుగు ఫ్లాపీల్లో అయిపోయిందని మా అకౌంటెంట్ గారు తెగ సంబరపడ్డారు. మిగతా ఫ్లాపీలు బీరువాలో పెట్టి తాళం కూడా వేశారు. మూడు నెలల తర్వాత డిస్క్ చెడిపోయింది. వోచర్లు ముందేసుకుని ఎంట్రీలన్నీ మళ్లీ కొట్టుకున్నాం. దానికి ఇంకో మందు లేదు.

సమస్య: మధ్యలో ఏదో ఒక ఫ్లాపీ దగ్గర రీడ్ ఎర్రర్

బూజు, దుమ్ము ఉంటే డ్రైవ్‌లో ఫ్లాపీని చదివే హెడ్ శుభ్రం చేసి నాలుగైదు సార్లు రిట్రై కొట్టండి. బాగున్న ఫ్లాపీయే చదవకపోతే దాన్ని ఏ డ్రైవ్‌లో రాశారో అడగండి. 1.2 మెగాబైట్ల డ్రైవ్ హెడ్ సన్నం, 360 డ్రైవ్ హెడ్ వెడల్పు. పాత 360 ఫ్లాపీ మీద సన్న హెడ్‌తో తిరిగి రాస్తే పక్కన పాత రాత కొంచెం మిగిలిపోతుంది. వెడల్పు హెడ్ రెండూ కలిపి చదివి తికమకపడుతుంది. 1.2 డ్రైవ్‌లోనే పెట్టి చూడండి, తరచుగా వచ్చేస్తుంది.

నిజంగానే పాడైతే దాన్ని వదిలి తర్వాతి ఫ్లాపీ పెట్టండి. వరుస తప్పిందని గొణుగుతుంది, ఫర్వాలేదనుకుంటే కొనసాగమంటుంది. రెండు ఫ్లాపీల మీద విరిగి పడిన ఫైల్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

సమస్య: రిస్టోర్ అయింది, ఇప్పుడు మెషిన్ బూట్ కావడం లేదు

కొత్త డాస్ వేసిన డిస్క్ మీదికి పాత బ్యాకప్‌లోని కమాండ్.కామ్ (మనం కొట్టే కమాండ్లను అందుకునే డాస్ ఫైల్) వచ్చి కూర్చుని ఉండొచ్చు. కొత్త డాస్ ఫ్లాపీతో బూట్ చేసి, డాస్ బూట్ ఫైళ్లను డిస్క్‌లో పెట్టే సిస్ కమాండ్ నడిపి, సరైన కమాండ్.కామ్‌ను కాపీ చేయండి. ఈసారి రిస్టోర్‌కు /పి జోడిస్తే, బ్యాకప్ తర్వాత మారిన ఫైళ్ల మీద రాసే ముందు అడుగుతుంది.

సమస్య: ఫైళ్ల జాబితా అడిగితే అసలు ఫ్లాపీయే చదవడం లేదు

ఫాస్ట్‌బ్యాక్ లాంటి వేరే బ్యాకప్ ప్రోగ్రామ్‌తో తీసి ఉండొచ్చు. వేగం కోసం అవి ఫ్లాపీని సొంత పద్ధతిలో ఫార్మాట్ చేసుకునేవి. డాస్‌కు అది ఖాళీ ఫ్లాపీతో సమానం. పొరపాటున ఫార్మాట్ కొట్టకండి. ఏ ప్రోగ్రామ్‌తో తీశారో అదే కావాలి.

కొత్తగా బ్యాకప్ తీసేవాళ్లు డాస్ 3.3 నుంచి ఇలా చేయొచ్చు. అట్రిబ్ కమాండ్‌తో ఫైళ్లన్నిటికీ ఆర్కైవ్ గుర్తు (ఇంకా కాపీ కావాలి అని చెప్పే గుర్తు) పెట్టి, కాపీ చేసే ఎక్స్‌కాపీ కమాండ్‌ను /ఎస్ /ఎమ్‌తో నడపండి. /ఎమ్ ఉంటే ఆ గుర్తున్న ఫైళ్లనే కాపీ చేసి, కాగానే గుర్తు తీసేస్తుంది. ఫ్లాపీ నిండి ఆగిపోగానే ఇంకోటి పెట్టి అదే కమాండ్ మళ్లీ కొడితే మిగిలినవే వెళ్తాయి. ఫైళ్లు మామూలు ఫైళ్లుగానే ఉంటాయి, ఏ మెషిన్‌లోనైనా తెరుచుకుంటాయి. ఫ్లాపీలో పట్టనంత పెద్ద ఫైల్ ఉంటే మాత్రం దీనితో కాదు, ఆ ఒక్కదానికి బ్యాకప్ కమాండే గతి.