‘టక్’ మన్నా నమ్మకండి: కారుకు కారవాన్ తగిలించే పద్ధతి

మా నాన్న తెనాలి దగ్గర ట్రాక్టరు తోలేవాడు. ట్రక్కు తగిలించి పిన్ను దించాక, దానికి క్లిప్పు పెట్టి, ఒకసారి చేత్తో గట్టిగా పైకి లాగి చూసేవాడు. ఆ తర్వాతే సీటెక్కేవాడు. నేనిప్పుడు ఇంగ్లండులో రీడింగ్‌లో ఉంటున్నాను. ఏటా వేసవిలో కారు వెనక కారవాన్ (చక్రాల మీద ఉండే చిన్న ఇల్లు లాంటి బండి) తగిలించుకుని సముద్రం వైపు వెళ్తాం. ఆరేళ్లుగా తగిలించే పని నాదే. ఇక్కడి తెలుగువాళ్లు చాలామంది కొత్తగా కారవాన్ కొంటున్నామంటూ నన్ను అడుగుతున్నారు, అందుకే రాస్తున్నాను.

ముందు బరువు. మీ కారు ఎంత లాగగలదో దాని హ్యాండ్‌బుక్‌లో ఉంటుంది, అది దాటకూడదు. కొత్తవాళ్లయితే సామానుతో సహా కారవాన్ గరిష్ఠ బరువు కారు బరువులో 85 శాతం లోపే ఉండేలా చూసుకోవాలి. ఇది చట్టం కాదు, సలహా. అయినా పాటించండి. మా కారు 1,650 కిలోలు, కారవాన్ నిండుగా 1,300.

ఇంకోటి, కారవాన్ ముక్కు కారు మీద మోపే బరువు. దీన్ని నోస్ వెయిట్ అంటారు. మామూలుగా కారవాన్ బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలి. ఆ లెక్కన మాకు 65 నుంచి 91 కిలోలు. కానీ మా కారు పరిమితి 80, కాబట్టి నేను 75 దగ్గర ఆపుతాను. చదునైన నేల మీద హిచ్ (కారవాన్ ముందు ఉండే, కారును పట్టుకునే భాగం) కింద చెక్కముక్క నిలబెట్టి, దాని కింద బాత్రూమ్ స్కేల్ పెడితే తెలిసిపోతుంది. బియ్యం, కుక్కర్, మిక్సీ, నీళ్ల క్యాన్లు అన్నీ చక్రాల పైభాగంలో, నేల మీదే సర్దండి. వెనక మూల పెడితే ముక్కు తేలిపోయి, మోటార్‌వే (ఇక్కడి వేగవంతమైన పెద్ద హైవే) మీద కారవాన్ అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. అది చాలా ప్రమాదం.

గ్యాస్‌ను సిలిండర్ దగ్గరే ఆపేయండి. కిటికీలు, పైకప్పు మూతలు మూసి, నాలుగు మూలల కాళ్లూ పైకి తిప్పేయండి. టైర్లలో గాలి చూడండి.

ఇప్పుడు తగిలించడం. కారవాన్ హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టి, ముందున్న జాకీ వీల్ (కారవాన్ ముక్కును ఎత్తే, దించే చిన్న చక్రం) తిప్పి హిచ్‌ను టోబాల్ (కారు వెనక ఉండే ఇనుప గుండు) కంటే కాస్త ఎత్తుకు లేపాలి. కారు నెమ్మదిగా వెనక్కి తీసుకుని బాల్ సరిగ్గా హిచ్ కిందికి రాగానే ఆపి, కారు హ్యాండ్‌బ్రేక్ కూడా వేయాలి. మీ హిచ్‌లో స్టెబిలైజర్ (ఊగడం తగ్గించే ఏర్పాటు) ఉంటే బాల్‌కు గ్రీజు రాయకండి. లోపలి ప్యాడ్లు బాల్‌ను గట్టిగా పట్టుకుంటేనే ఊగడం తగ్గుతుంది, గ్రీజు పడితే ఆ పట్టు పోతుంది. ట్రాక్టరు పిన్నుకు గ్రీజు పెట్టడం చూసి పెరిగినదాన్ని కాబట్టి దీన్ని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకున్నాను. స్టెబిలైజర్ లేని హిచ్‌కైతే గ్రీజు కావాలి.

హిచ్ హ్యాండిల్ ఎత్తి పట్టుకుని, జాకీ వీల్ తిప్పుతూ హిచ్‌ను బాల్ మీదికి దించండి. ‘టక్’ మంటుంది. హిచ్ మీద పచ్చ గుర్తు కనబడాలి. అది కనబడ్డా సరే, జాకీ వీల్‌ను మళ్లీ కిందికి తిప్పండి. కారు వెనక భాగం ఒక అంగుళం పైకి లేవాలి. లేస్తే హిచ్ పట్టుకున్నట్టు.

పోయిన ఆగస్టులో సముద్రం ఒడ్డునున్న స్వానేజ్ ఊరి దగ్గర, కారవాన్లు ఆపుకునే సైటు ఖాళీ చేస్తున్నాం. వాన పడుతోంది. నేను హిచ్ దించుతుంటే మా ఆయన “టీ చల్లారిపోతోంది, తాగేసి చెయ్యి” అన్నారు. “వస్తున్నానండీ” అన్నాను, ఇంతలో ‘టక్’ మని వినబడింది. పచ్చ గుర్తు చూడలేదు. జాకీ వీల్ తిప్పితే కారు కదల్లేదు, హిచ్ ఒక్కటే బాల్ మీద నుంచి పైకి వచ్చేసింది. బాల్ లోపలికి పోనేలేదు! ఆ సైటు బయట రోడ్డు నేరుగా పల్లంలోకి దిగుతుంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక నియమం: తగిలించే పని ఒక్కరే చేయాలి, అది అయ్యేదాకా ఎవరూ పలకరించకూడదు. మధ్యలో ఆగితే మళ్లీ మొదటి నుంచి.

తర్వాత బ్రేక్‌అవే కేబుల్. కారవాన్ ఊడిపోతే ఈ సన్న తీగ కారవాన్ హ్యాండ్‌బ్రేక్‌ను లాగి బండిని ఆపుతుంది. టోబార్‌కు (కారు వెనక బాల్‌ను మోసే ఇనుప కమ్మీకి) ఇచ్చిన రింగుకే దీన్ని తగిలించండి. ఊడదీసే రకం బాల్ అయితే దాని మెడకు చుట్టడం వల్ల ఉపయోగం లేదు, బాల్ ఊడితే తీగా దాంతోపాటే పోతుంది. మలుపులో బిగుసుకోకుండా, రోడ్డుకు రాసుకోకుండా ఉండాలి.

కారవాన్ లైట్లకు కారు నుంచి కరెంటు ఇచ్చే 13 పిన్నుల ప్లగ్ పెట్టి, తిప్పి బిగించండి. జాకీ వీల్ పూర్తిగా పైకి లేపి లాక్ చేయండి. స్టెబిలైజర్ హ్యాండిల్ కిందికి నొక్కండి. ఒకరిని వెనక నిలబెట్టి ఇండికేటర్లు, బ్రేక్ లైట్లు, ఫాగ్ లైట్లు, నంబర్ ప్లేట్ లైటు అన్నీ చూసుకోండి. నంబర్ ప్లేట్ మీ కారుదే అయ్యుండాలి. కారవాన్ కారు కంటే వెడల్పుగా ఉంటే అదనపు అద్దాలు తప్పనిసరి. చివర్లో చక్రాల అడ్డు తీసి, కారవాన్ హ్యాండ్‌బ్రేక్ దించండి.

మొన్న గుంటూరు నుంచి వచ్చిన అమ్మ, “నడుం నొప్పిగా ఉంది, లోపల మంచం మీద పడుకుని రానా?” అంది. వద్దన్నాను. కదిలే కారవాన్‌లో మనుషులు ఉండటం ఇక్కడ నేరం. దిండ్లు సర్ది కారులోనే కూర్చోబెట్టాం.

వేగ పరిమితి మామూలు రోడ్డు మీద గంటకు 50 మైళ్లు, డ్యూయల్ క్యారేజ్‌వే (మధ్యలో విభజన ఉన్న రోడ్డు), మోటార్‌వేల మీద 60. మూడు లేన్లు, అంతకంటే ఎక్కువ ఉన్న మోటార్‌వేలో కుడి చివరి లేన్‌లోకి వెళ్లకూడదు. బయలుదేరాక కనబడే మొదటి లే-బైలో (రోడ్డు పక్కన బండి ఆపుకునే చోట) ఆపండి. హిచ్, తీగ, ప్లగ్ మరోసారి చేత్తో తాకి చూసి, చక్రాల దగ్గర చెయ్యి పెట్టి వేడి ఎక్కువగా ఉందేమో చూడండి. ఒక చక్రం మిగతాదానికంటే బాగా వేడిగా తగిలితే బ్రేకు పట్టేసిందేమో అనుమానించి అక్కడే ఆగిపోండి.