భద్రతా పాఠాలు – 4: ‘అది లోపం కాదు, ఫీచర్’ అన్నప్పుడు

పోయిన పాఠంలో, సాఫ్ట్‌వేర్‌లో దొరికిన భద్రతా లోపాన్ని దాన్ని తయారుచేసిన కంపెనీకి ఎలా రాసి పంపాలో చూశాం. పంపాక తరచూ వచ్చే జవాబు ఒకటుంది: "అది మేం కావాలని పెట్టిందే." ఆ ముక్కతో చాలామంది చల్లబడిపోతారు. మీరు అలా వదిలేయకండి. కావాలని పెట్టినదైనా లోపం కావచ్చు. అది ఎలా తేల్చాలో ఇవాళ నేర్చుకుందాం.

మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో డీడీఈ అనే పాత సౌకర్యం ఉంది. ఎక్సెల్‌లో అంకె మారితే వర్డ్ ఫైల్లోనూ మారడం లాంటి పనులకు పెట్టారు. మాక్రో (ఫైల్లోనే దాచిపెట్టే చిన్న ప్రోగ్రాము) ఒక్కటీ లేకుండా, దీనితోనే ఎదుటివాళ్ల కంప్యూటర్లో ప్రోగ్రాము నడిపించవచ్చని 2017 అక్టోబరులో సెన్స్‌పోస్ట్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు బయటపెట్టారు. అంతకుముందే మైక్రోసాఫ్ట్‌కు చెప్తే, ఫీచరే అన్నారు.

హెచ్చరిక రాదా అంటే, వస్తుంది. వేరే ఫైళ్లకు లింకులున్నాయి, అప్‌డేట్ చేయమంటారా అని ఒక పెట్టె, ఫలానా ప్రోగ్రాము మొదలుపెట్టమంటారా అని ఇంకో పెట్టె. సాయంత్రం ఆరింటికి, ఇంకో పది బిల్లులు మిగిలున్న అకౌంటెంటును ఊహించుకోండి. రెండుసార్లు ‘అవును’ నొక్కేస్తాడు. తప్పు ఆయనది అనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇప్పుడు నోట్‌బుక్ తీసి రెండు వాక్యాలు రాయండి. మొదటిది, తయారుచేసినవాళ్లు అనుకున్నది: "నేను నా ఫైల్లోకి నా అంకెలు తెచ్చుకుంటాను." రెండోది, నిజంగా జరిగేది: "ముక్కూ మొహం తెలియనివాడు మెయిల్లో ఫైలు పంపి, నా కంప్యూటర్లో వాడి ప్రోగ్రాము నడిపిస్తాడు." పని చేయించేది ఎవరో చూడండి. మొదటి వాక్యంలో ‘నేను’, రెండోదాంట్లో ‘వాడు’. అలా మనిషి మారిపోతే, కావాలని పెట్టామన్న జవాబు చాలదు. మీ ఉత్తరంలో ఈ రెండు వాక్యాలూ పక్కపక్కనే పెట్టండి.

మనిషి మారకపోతే కంపెనీ మాటే నిజం. అడ్మిన్ అయినవాడు వేరేవాళ్ల ఖాతాలు తొలగించగలడని ఫిర్యాదు చేస్తే, అది అడ్మిన్ పనే కదా.

డీడీఈని దాడులకు వాడటం మొదలయ్యాక, 2017 డిసెంబరు అప్‌డేట్‌తో వర్డ్‌లో అది, మనం మార్చుకుంటే తప్ప, ఆగే ఉండేలా మైక్రోసాఫ్ట్ వాళ్లు చేశారు. రెండు నెలల్లోనే.

అభ్యాసం: లాగ్‌ఫోర్‌జే అనే లైబ్రరీ (వేరే ప్రోగ్రాముల్లో కలుపుకునే సిద్ధం కోడ్) ప్రోగ్రాములో జరిగినవన్నీ ఫైల్లో రాసిపెడుతుంది. రాసే లైనులో ఫలానా చోటు నుంచి సమాచారం తెమ్మని ఉంటే, వెళ్లి తెచ్చే సౌకర్యం 2013లో చేర్చారు. 2021 డిసెంబరులో, ఆ లైబ్రరీ వాడే మైన్‌క్రాఫ్ట్ ఆట చాట్‌లో దాడి చేసేవాళ్లు ఒక లైను టైపు చేసి అవతలి సర్వరులో తమ కోడ్ నడిపించగలిగారు. దీనికి ఆ రెండు వాక్యాలూ మీరే రాయండి. వచ్చే పాఠం వాటితోనే మొదలుపెడదాం.