క్యాండిడ్ ఫోటోకి సెల్‌ఫోన్ అడ్డొస్తోందా? సమస్య - పరిష్కారం

వీధిలో క్యాండిడ్ ఫోటోలు, అంటే మనుషులు పోజు పెట్టకుండా తమ పనిలో ఉండగా తీసే ఫోటోలు, తీసేవాళ్లు ఇద్దరు కలిస్తే ఈమధ్య వినిపించే మాట ఒకటే: "ఎవర్ని చూసినా తల ఫోన్లో పెట్టుకునే ఉంటున్నారు, ఇంకేం తీస్తాం?" సగం నిజమే. కానీ పోయిన షాట్లని ఒక్కొక్కటిగా ఆరా తీస్తే, ఎదుటివాళ్ల ఫోన్ కంటే మన చేతిలో ఫోన్ వల్ల పోయినవే ఎక్కువ తేలతాయి. దాని సెట్టింగులు కొంత, అది మనకి అంటించిన అలవాట్లు ఇంకొంత. మీ ఫోటోల్లో ఏ లోపం కనిపిస్తోందో చూసుకుని ఆ భాగానికి వెళ్లండి.

ఏ ఫోటో చూసినా వంగిన తలలే, మొహాలు లేవు

కారణం: ఖాళీ దొరికితే చాలు, ఫోన్ బయటికొస్తుంది. బస్టాపు, సిగ్నల్, క్యూ ఒకప్పుడు క్యాండిడ్ ఫోటోకి మంచి చోట్లు. మనుషులు ఊరికే నిలబడి అటూ ఇటూ చూసేవాళ్లు. ఇప్పుడు అక్కడే అందరిదీ ఒకే భంగిమ. మీరు మాత్రం పాత అలవాటు కొద్దీ అక్కడే నిలబడి, కెమెరాని కంటి ఎత్తులో పెట్టుకుని తీస్తున్నారు. వంగిన తలని పైనుంచి తీస్తే జుట్టు తప్ప ఏం కనిపిస్తుంది?

పరిష్కారం: ముందు ఎత్తు మార్చండి. కెమెరాని నడుము దాకా దించండి, కుదిరితే ఒక మోకాలి మీద కూర్చోండి. అదే తల, అదే ఫోన్, కానీ ఇప్పుడు మొహం పూర్తిగా కనిపిస్తుంది. అమెరికా వీధి ఫోటోగ్రాఫర్ వివియన్ మయర్ ఎక్కువగా వాడిన రోలీఫ్లెక్స్ కెమెరాని పొట్ట దగ్గర పట్టుకుని, పైనుంచి దాని అద్దంలోకి చూస్తూ తీయాలి. అందుకే ఆమె ఫోటోల్లో చాలామంది కాస్త కింది నుంచి చూసినట్టు ఉంటారు. ఆ ఎత్తు ఇప్పుడు మనకి మరీ అవసరం.

రెండోది, ఫోన్లో ఉన్న మనిషిని వదిలేసి వెళ్లిపోకండి. కనిపెట్టుకుని ఉండండి. గ్రీన్ సిగ్నల్ పడుతుంది, బస్సు వస్తుంది, పక్కనున్న పిల్లాడు చెయ్యి పట్టుకుని లాగుతాడు, తల లేస్తుంది. అప్పుడు ఒకటి రెండు సెకన్ల పాటు కళ్లు వీధిలోకి వస్తాయి కానీ మొహం మీద భావం ఇంకా చదివిన మెసేజ్‌దే. ఇలాంటి మొహాలు ఫోన్లు లేని రోజుల్లో ఇంత తేలిగ్గా దొరికేవి కావు.

ఇక ఫోన్లో మాట్లాడేవాళ్లు దొరికితే పండగే. మెసేజ్ చదివే మనిషి బిగుసుకుపోతాడు, మాట్లాడే మనిషికి ఒళ్లంతా కదులుతుంది. అవతలివాళ్లకి కనిపించదని తెలిసినా "కుడిపక్కకి తిరుగు" అంటూ చెయ్యి కుడివైపుకి ఊపుతారు. చెప్పు కొసతో నేల మీద గీతలు గీస్తారు. ఊడిపోతున్న పోస్టరు అంచుని గోటితో ఇంకాస్త లేపుతారు. ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి రెండు చేతులతో సంచి మూతి బిగిస్తారు. పైగా చాలామంది ఒకే చోట చుట్టూ తిరుగుతూ మాట్లాడతారు, కాబట్టి ఎక్కడికి తిరిగి వస్తారో ముందే తెలుస్తుంది. అక్కడ ఫోకస్ పెట్టుకుని ఆగితే చాలు.

ఒక మాట. న్యూయార్క్ సబ్‌వేలో (భూగర్భ రైళ్లలో) 1938-41 మధ్య ఫోటోగ్రాఫర్ వాకర్ ఎవాన్స్ కోటు కింద కెమెరా దాచి తీసిన ఫోటోల్లో న్యూస్‌పేపర్లో తల దూర్చినవాళ్లూ ఉన్నారు. అవి ఈరోజు ఆ కాలపు ఆనవాళ్లు. ఫోన్‌ని ఫ్రేమ్‌లోంచి ఎలా తప్పించాలా అని టెన్షన్ పడటం అనవసరం. ఒకే ఫోన్ మీద వాలిన రెండు తలలు, సెల్ఫీ కోసం నవ్వి నొక్కగానే ఆ నవ్వు దించేసిన మొహం, పక్కన అందరి బ్యాగులూ మోస్తూ నిలబడ్డ స్నేహితుడు... ఇవన్నీ ఫోన్ ఇచ్చిన ఫోటోలే.

ఫోన్ తీసి నొక్కేలోపు అంతా అయిపోతోంది

ఇది ఫోన్‌తో తీసేవాళ్ల సమస్య. లాక్ తీయడం, యాప్ వెతకడం, పోయినసారి వదిలేసిన పోర్ట్రెయిట్ మోడ్‌లోంచి బయటపడటం, అంతలో ఎవరిదో కాల్. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్ రెండుసార్లు నొక్కితే కెమెరా తెరుచుకుంటుంది, ఐఫోన్‌లో లాక్ స్క్రీన్‌ని ఎడమకి జరిపితే సరి. తెర మీద గుండ్రటి బటన్ వెతక్కుండా వాల్యూమ్ బటన్‌తో తీయడం అలవాటు చేసుకోండి. కళ్లు తెర మీద కాకుండా మనిషి మీద ఉంటాయి. డు నాట్ డిస్టర్బ్ పెట్టండి. జేబులోంచి తీసిన ఫోన్ లెన్స్ మీద వేలిముద్రలు ఉండే తీరతాయి, చొక్కా అంచుతో ఒకసారి తుడవండి. లైట్లు పొగమంచులా చెదిరి కనిపించడానికి ఎక్కువసార్లు కారణం అదే.

మనుషులు మరీ చిన్నగా వస్తున్నారు

ఫోన్ ప్రధాన లెన్స్ సాధారణంగా 35 మి.మీ. ఫిల్మ్ కెమెరా లెక్కలో 24-26 మి.మీ. లెన్స్‌తో సమానం, అంటే బాగా వెడల్పుగా చూపించేది. 26 మి.మీ.తో 3 మీటర్ల దూరం నుంచి అడ్డంగా తీస్తే ఫ్రేమ్‌లోకి సుమారు 4 మీటర్ల వెడల్పు వస్తుంది. అందులో ఒక మనిషి ఎంత? చిటికెన వేలంత. ఒకటిన్నర మీటరుకి వెళ్లండి. వేళ్లతో సాగదీసే జూమ్ చాలాసార్లు కత్తిరింపే, 2 రెట్లు దాటితే మొహాలు మైనపు బొమ్మల్లా అవుతాయి.

చీకటి పడ్డాక అలుక్కుపోతున్నాయి

కారణం: చాలా ఫోన్లలో లెన్స్ అపర్చర్ (వెలుతురు లోపలికొచ్చే రంధ్రం) మార్చడానికి ఉండదు. వెలుతురు తగ్గేకొద్దీ ఫోన్ షట్టర్‌ని నెమ్మదింపజేస్తుంది, అంటే ఒక్కో ఫోటోకి ఎక్కువసేపు వెలుతురు తీసుకుంటుంది. నైట్ మోడ్ అయితే వరసగా తీసిన చాలా ఫ్రేములని కలిపి ఒక్కటి చేస్తుంది. భవనానికి అది బాగానే ఉంటుంది, నడిచే మనిషి మాత్రం సగం కరిగిపోతాడు.

పరిష్కారం: నైట్ మోడ్ ఆపేయండి. ప్రో మోడ్ (సెట్టింగులు మనమే పెట్టుకునేది) ఉంటే షట్టర్ 1/250 (సెకనులో 250వ వంతు) పెట్టి, ఐఎస్ఓని (వెలుతురుని ఎంత పెంచి చూపాలో చెప్పే సెట్టింగ్‌ని) ఆటోకి వదిలేయండి. ఇసుక చల్లినట్టు గింజలు కనిపిస్తాయి, కనిపించనివ్వండి. గింజలున్న ఫోటో ఫోటోనే, అలికిన మొహం దేనికీ పనికిరాదు.

ఇక్కడ ఎదుటివాళ్ల ఫోనే మనకి దీపం. తెర వెలుగు మొహం మీద పడుతున్న మనిషి దొరికితే, మొహం మీద వేలు పెట్టి ఫోకస్ లాక్ చేసి, ఎక్స్‌పోజర్ (ఫోటో వెలుగు) కొంచెం దించండి. వెనకంతా నల్లబడి మొహమే మిగులుతుంది. చదివే మనిషి కదలడు కాబట్టి 1/60 కూడా సరిపోతుంది. తెర వెలుగు నీలం, వీధి దీపం చాలాసార్లు పసుపు. ఆ తేడాని సరిచేయకండి, అందం అక్కడే ఉంది. మీ ఫోన్ తెర బ్రైట్‌నెస్ మాత్రం బాగా తగ్గించండి. లేకపోతే చీకట్లో అందరికంటే ముందు కనిపించేది మీ మొహమే.

"ఎందుకు తీశావ్? ఎక్కడ పెడతావ్?" అని నిలదీస్తున్నారు

కారణం: ఒకప్పుడు వీధిలో తీసిన ఫోటో ఏ పెట్టెలోనో ఉండిపోయేది. ఇప్పుడు నిమిషంలో ఎక్కడికైనా వెళ్తుందని అందరికీ తెలుసు, ఎందుకంటే వాళ్లూ అదే పని చేస్తున్నారు. వాళ్ల అనుమానం న్యాయమైనదే. పెద్ద కెమెరా పట్టుకున్నవాడు కనీసం ఫోటోలు తీసేవాడిలా కనిపిస్తాడు, ఫోన్ దొంగచాటుగా ఎత్తినవాడు వేరేలా కనిపిస్తాడు.

పరిష్కారం: దాచకండి. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడుతున్నట్టు నటిస్తూ తీయమని కొందరు సలహా ఇస్తారు. దొరికితే ఆ నటనకి ఏ సంజాయిషీ నిలబడదు, పైగా ఆ ఫ్రేములు ఎప్పుడూ వంకరే. ఎవరైనా అడిగితే ఆగి, నవ్వి, ఫోటో చూపించండి. "మీరు నిలబడిన తీరు బాగుంది, వద్దంటే తీసేస్తాను" అంటే చాలామంది తీసేయమనరు, తమకి పంపమని అడుగుతారు. తీసేయమంటే వాళ్ల కళ్ల ముందే తీసేయండి. డిలీట్ చేసినా సాధారణంగా రోజుల తరబడి రీసెంట్లీ డిలీటెడ్ ఫోల్డర్లోనో ట్రాష్‌లోనో ఉంటుందని వాళ్లకీ తెలుసు, అక్కడ కూడా తీసేసి చూపించండి. కెమెరాకి లొకేషన్ అనుమతి ఆపేయండి. పిల్లల మొహాలు పెద్దవాళ్లని అడగకుండా బయట పెట్టొద్దు.

చట్టం చోటుని బట్టి మారుతుంది. తీయడం ఒకటి, ప్రచురించడం ఒకటి. జర్మనీలో 1907 నాటి చట్టం ప్రకారం గుర్తుపట్టగల మనిషి ఫోటో ప్రచురించాలంటే సాధారణంగా అనుమతి కావాలి. న్యూయార్క్‌లో మాత్రం, వీధిలో అడగకుండా తీసి ప్రదర్శనకి పెట్టారని ఫోటోగ్రాఫర్ ఫిలిప్-లోర్కా డికోర్సియా మీద వేసిన కేసుని అక్కడి కోర్టు 2006లో కొట్టేసింది. మీరున్న చోట నియమం ఏమిటో ముందే తెలుసుకోండి.

షట్టర్ శబ్దం వల్ల తిరిగి చూస్తున్నారంటే సెట్టింగుల్లో ఆపేయడమే. జపాన్, దక్షిణ కొరియా మార్కెట్ల కోసం చేసిన ఫోన్లలో మామూలుగా ఆ వీలుండదు.

గంటలు తిరిగినా చెప్పుకోదగ్గ ఫోటో ఒక్కటీ లేదు

తీసిన ప్రతిసారీ తల దించి ఎలా వచ్చిందో చూసుకుంటున్నారా? కారణం అదే. ఆ రెండు సెకన్లలో ఎదుట జరిగింది మీకు కనిపించలేదు. తీసినవెంటనే పోస్ట్ చేసి లైకులు లెక్కపెట్టుకుంటే ఇంకో పది నిమిషాలు పోతాయి. పైగా ఏ ఫోటోకి లైకులొచ్చాయో అలాంటిదే మళ్లీ వెతకడం మొదలవుతుంది.

కెమెరా అయితే ఫోటో తీశాక వెంటనే తెర మీద చూపించే సెట్టింగ్ ఆపేయండి. ఫోన్ అయితే వీధిలో ఉన్నంతసేపూ గ్యాలరీ తెరవనని అనుకోండి. అమెరికా వీధి ఫోటోగ్రాఫర్ గ్యారీ వినోగ్రాండ్ తను తీసిన ఫిల్మ్‌ని ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఆపి గానీ కడిగేవాడు కాదు, తీసేటప్పటి సంబరం ఫోటోని ఎంచేటప్పుడు అడ్డు రాకూడదని. మనకి ఏడాది అక్కర్లేదు, ఒక వారం చాలు. వారం పాటు ఏదీ పోస్ట్ చేయకుండా అన్నీ ఒక ఆల్బమ్‌లో వేసి, ఆ తర్వాత పెద్ద తెర మీద ఒకేసారి చూడండి. ఫోన్ తెర మీద బాగా కనిపించిన వాటిలో చాలావరకు అక్కడ రాలిపోతాయి.